మత్తడి దూకిన నీళ్లు ఎటు పోవాలి?

సిద్దిపేటకు ఏరు లేదు. బెజవాడకు కృష్ణ ఉన్నట్టు, హైదరాబాద్‌కు మూసీ ఉన్నట్టు గొప్పగా చెప్పుకోవడానికి ఈ పట్టణానికి నది పేరంటూ ఒకటి లేదు. ఉన్నవన్నీ చెరువులే. కోమటి చెరువు, ఎర్ర చెరువు, నర్సాపూర్ చెరువు, చింతల చెరువు... అయితే ఈ చెరువుల నడుమ మరొకటి ఉంది. వానాకాలంలో నాలుగు రోజులు ఉరకలేస్తుంది. మిగతా ఏడాదంతా ఉందో లేదో అన్నట్టు పడి ఉంటుంది. పల్లెలో అయితే దాన్ని ఒర్రె అంటారు. కాస్త పెద్దదైతే వాగు అంటారు. చుట్టూ పట్టణం పెరిగాక దాని పేరు నాలా అయింది. ఇంకొన్నాళ్లకు మోరీ అయింది. పేరు దిగజారిన కొద్దీ గౌరవమూ దిగజారింది!

కోమటి చెరువు మీద వేలాడే వంతెన ఎక్కడని అడిగితే సిద్దిపేటలో చిన్న పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఆ చెరువు నిండి మత్తడి దూకితే నీళ్లు ఎటు పోతాయని అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగుతారు. ఊరి ఆరోగ్యమంతా ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

గొలుసులో ఒక కొక్కెం

తెలంగాణ నేల ఎత్తుపల్లాల నేల. పైన పలుచటి మట్టి, కింద గట్టి రాయి. పడిన వానలో లోపలికి ఇంకేది కొంతే. మిగతాది పల్లం వెతుక్కుంటూ పారిపోతుంది. ఆ పారిపోయే నీటిని ఆపడానికి పూర్వీకులు కనిపెట్టిన ఉపాయమే గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం పెద్ద చెరువులు కాబట్టి అందరికీ తెలుసు. వాటికన్నా చిన్నవి, పేరు ఊరు దాటనివి వేలకు వేలు. పైనున్న కుంట నిండితే దాని మత్తడి దూకి కింది కుంటకు, అది నిండితే చెరువుకు, ఆ చెరువు నిండితే ఇంకో ఊరి చెరువుకు... ఇలా ఒకదాని మిగులు మరొకదాని ఆధారం. కోమటి చెరువు మిగులు నర్సాపూర్ చెరువు వైపు పోవడం ఈ పద్ధతిలోని సంగతే. అట్లా వాగులో వాగు కలుస్తూ పోతే చివరికి పెద్ద ఏరు. సిద్దిపేట జిల్లాలో పారే కూడవెల్లి వాగు నర్మాల దగ్గర ఎగువ మానేరు జలాశయానికి చేరుతుంది. మానేరు మంథని ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది. ఇక్కడి ఇంటి ముందు పారే సన్నటి ధారకు గోదావరితో చుట్టరికం ఉన్నట్టే.

గొలుసు బలం దేన్ని బట్టి ఉంటుంది? కడియాలను బట్టి కాదు, కడియాన్నీ కడియాన్నీ కలిపే కొక్కేన్ని బట్టి. చెరువులు కడియాలైతే వాగులు కొక్కేలు. పాతకాలంలో ఈ సంగతి తెలిసే చెరువుకో నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, కట్ట చూసుకోవడం, కాల్వకు అడ్డం పడితే తీయించడం అతని పని. అందుకు ప్రతిఫలంగా పంటలో కొంత ముట్టేది. పొలాలు పోయి ప్లాట్లు వచ్చాక చెరువు కింద ఆయకట్టు లేదు. ఆయకట్టు లేక నీరటి అవసరం లేదు. నీరటి లేక కాల్వను చూసే కన్ను లేదు.

ఎండిన వాగుకు అంత వెడల్పెందుకు?

ఎనిమిది నెలలు చుక్క నీరు లేని వాగుకు ముప్పై నలభై అడుగుల జాగా ఎందుకని చాలామందికి అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేస్తే జవాబు దొరుకుతుంది. ఒక ఎకరం నేల మీద పది సెంటీమీటర్ల వాన పడితే ఆ నీళ్లు సుమారు 4 లక్షల లీటర్లు. చదరపు కిలోమీటరు మీద పడితే 10 కోట్ల లీటర్లు! పదివేల లీటర్ల ట్యాంకర్లలో నింపితే పదివేల ట్యాంకర్లు కావాలి. ఒకప్పుడు ఇందులో కొంత మట్టి తాగేది, కొంత పొలం గట్లు ఆపేవి, మిగతాది నిదానంగా వాగుకు చేరేది. ఇప్పుడు ఇంటి పైన స్లాబు, ఇంటి ముందు సీసీ రోడ్డు, రెండింటి నడుమ టైల్సు. నీళ్లు ఇంకే చోటు లేదు, ఆగే చోటు లేదు. పూర్తిగా వాగు మీదే పడతాయి. అదీ ఒక్కసారిగా పడతాయి. పొలాల కాలంలో సరిపోయిన వాగు కాలనీల కాలంలో నిజానికి ఇంకా వెడల్పు కావాలి. జరిగిందేమో తలకిందులు. నీళ్లు పెరిగాయి, దారి తగ్గింది.

2021 వానాకాలంలో భారీ వర్షాలకు సిద్దిపేటలో లోతట్టు కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అప్పుడు కోమటి చెరువు నుంచి నర్సాపూర్ చెరువుకు పోయే నాలా మీద ఆక్రమణల సంగతి పట్టణంలో పెద్ద చర్చ అయింది. వాగు ఎక్కడ పారేదో కాయితాల్లో వెతికితే దొరకడానికి సమయం పట్టవచ్చు. వానకు మాత్రం ఏ కాయితమూ అక్కర్లేదు. ఒక్క రాత్రిలో తన పాత హద్దు గీసి చూపిస్తుంది.

వచ్చే నీళ్లకు లెక్కుంది... పోయే నీళ్లకో?

నీటి కరువు తెలిసిన ప్రాంతం ఇది. అందుకే నీళ్లు తెచ్చుకోవడం మీద ఇక్కడ పెట్టిన శ్రద్ధ మామూలుది కాదు. దిగువ మానేరు జలాశయం నుంచి గొట్టాల ద్వారా సిద్దిపేట ప్రాంతానికి తాగునీరు తెచ్చిన పథకం ఆ తర్వాత మిషన్ భగీరథకు నమూనా అయింది. 2016 ఆగస్టు 7న ఆ మిషన్ ప్రారంభమైంది కూడా గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయక సాగర్‌కు, 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్న సాగర్‌కు ప్రారంభోత్సవాలు జరిగాయి. బిందెలతో బోరింగు దగ్గర బారులు తీరిన అమ్మలకు ఇంట్లో నల్లా తిప్పితే నీళ్లు రావడం ఎంత పెద్ద సంగతో చెప్పనక్కర్లేదు.

కానీ ఇంట్లోకి వచ్చిన నీళ్లు ఇంట్లోనే ఉండవు కదా! పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ఇంజినీర్లు పాటించే లెక్క. అందులో దాదాపు 80 శాతం మురుగునీరై బయటికి పోతుందన్నదీ వాళ్ల లెక్కే. అంటే మనిషికి 108 లీటర్లు. సిద్దిపేట లక్షకు పైగా జనాభా ఉన్న పట్టణం. లక్ష మందికే చూసినా రోజుకు కోటీ ఎనిమిది లక్షల లీటర్లు. ఎండాకాలం లేదు, వానాకాలం లేదు, పండగ లేదు, సెలవు లేదు. ఏడాదికి 365 రోజులూ ఎటో ఒకవైపు పోవాల్సిందే. ఎటు పోతాయి? నేల ఎటు పల్లముంటే అటు. ఆ పల్లంలో ఉండేది వాగు, వాగు చివర చెరువు.

ఎనిమిది నెలలు ఎండి ఉండాల్సిన వాగు పన్నెండు నెలలు పారుతోందంటే సంతోషించాల్సిన సంగతి కాదు. ఏం పారుతోందో చూడాల్సిన సంగతి.

వాగు ఎట్లా చచ్చిపోతుంది?

వాగు కూడా మనిషిలాగే ఊపిరి పీలుస్తుంది. రాళ్ల మీద దూకుతూ, ఇసుకలో పాకుతూ పారేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ నీళ్లలో కరుగుతుంది. చేప, కప్ప, రొయ్య, పురుగు... అన్నీ దాని మీదే బతుకుతాయి. లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటేనే చేపలకు పనికొచ్చే నీళ్లని కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. స్నానానికైతే 5 ఉండాలి.

మురుగులో ఉండే మలినాలను తినడానికి నీళ్లలోని సూక్ష్మజీవులు ఎగబడతాయి. తినే పనిలో ఆక్సిజన్‌ను వాడేస్తాయి. ఎంత ఆక్సిజన్ కావాల్సి వస్తుందన్న కొలతను బీఓడీ అంటారు. స్నానాల రేవులో ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు. శుద్ధి చేయని ఇళ్ల మురుగులో ఇది వందల్లో ఉంటుంది. కొంచెం మురుగు కలిస్తే వాగు తట్టుకుంటుంది. రెండు మూడు మైళ్లు పారేసరికి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. మోతాదు మించితే మాత్రం ఆక్సిజన్ పూర్తిగా అయిపోతుంది. అప్పుడు ఆక్సిజన్ అక్కర్లేని సూక్ష్మజీవుల రాజ్యం మొదలవుతుంది. నీళ్లు నల్లబడతాయి. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అది వాగు చచ్చిపోయిందన్న కబురు.

మురుగు కింది చెరువుకు చేరాక కథ ఇంకో మలుపు తిరుగుతుంది. మురుగులోనూ, బట్టల సబ్బు పొడుల్లోనూ ఉండే నత్రజని, భాస్వరం చెరువుకు ఎరువు వేసినట్టే. గుర్రపుడెక్క బలిసిపోతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు పచ్చగా అందంగానే ఉంటుంది. కిందేమో వెలుతురు పోదు, గాలి ఆడదు. డెక్క కుళ్లి అడుగున చేరితే ఉన్న కాస్త ఆక్సిజన్ కూడా పోతుంది. తొలకరి వానకు అడుగున పేరుకున్న మురుగంతా ఒక్కసారి లేస్తే తెల్లారేసరికి చేపలు తేలతాయి. చెరువును నమ్ముకున్న మత్స్యకారుల ఏడాది కష్టం ఒక్క పూటలో పోతుంది. పారని మురుగులో క్యూలెక్స్ దోమలు గుడ్లు పెడతాయి. బోదకాలు వ్యాధిని మోసుకొచ్చేవి ఇవే. చుట్టుపక్కల బోరు నీళ్ల రుచి మారుతుంది. ఇన్ని జరిగాక గానీ వాగు గుర్తుకురాదు!

సిద్దిపేటకు చేతకాని పనేం కాదు

ఈ పట్టణానికి శుభ్రత మీద పట్టింపు ఉందన్నది రాష్ట్రమంతా తెలిసిన మాట. 2015లో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువుల పూడికతీతను తలకెత్తుకుంది. కోమటి చెరువు మినీ ట్యాంక్‌బండ్‌గా మారింది. నడక దారి, పడవ షికారు, వేలాడే వంతెన వచ్చాయి. తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త వేరుచేసి ఇవ్వడం ఇళ్లలో అలవాటు చేశారు. తడి చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు బుస్సాపూర్‌లో పెట్టారు. పెళ్లిళ్లకు ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలు వద్దంటూ స్టీలు సామాను ఇచ్చే స్టీల్ బ్యాంకులు నడిపారు. 2021లో రుతుప్రేమ పేరుతో బట్ట ప్యాడ్లు, కప్పుల వాడకాన్ని ఆడవాళ్లకు పరిచయం చేశారు. వాడి పారేసే ప్యాడ్లు మోరీల్లో అడ్డం పడటం పారిశుధ్య కార్మికులకు ఎంత నరకమో తెలిసినవాళ్లకు ఆ పని విలువ తెలుస్తుంది. 2020 డిసెంబరులో భూగర్భ మురుగు వ్యవస్థ, చింతల చెరువు దగ్గర మురుగునీటి శుద్ధి కేంద్రం ప్రారంభమయ్యాయి.

ఇవన్నీ సరైన దారిలో పడిన అడుగులే. అయితే భూమి కింద గొట్టం వేస్తే సరిపోదు, ప్రతి ఇంటి బాత్రూమూ వంటగదీ దానికి కలవాలి. కలవని ఇంటి నీళ్లు మళ్లీ వాగు దారే పడతాయి. ఇంకో పొరపాటు దీనికి ఎదురుగా జరుగుతుంది. మిద్దె మీది వాన నీళ్లను మురుగు గొట్టంలోకి వదులుతారు. పెద్ద వాన రాగానే మ్యాన్‌హోల్ మూతలు లేచి మురుగంతా రోడ్డెక్కుతుంది. వాన నీళ్లకు వాగు, వాడిన నీళ్లకు గొట్టం. ఈ రెంటినీ కలపకపోవడమే పట్టణం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

కట్ట మీద పెట్టే దీపాలకు ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. కట్ట వెనక వాగులో పూడిక తీస్తే చూసేవాళ్లుండరు. అందుకేనేమో ఎక్కడైనా చెరువు అందం ముందు జరుగుతుంది, వాగు ఆరోగ్యం వెనకబడుతుంది.

చేతులు కాలిన ఊళ్లు

వాగును చిన్నచూపు చూస్తే ఏమవుతుందో హైదరాబాద్ ఎప్పుడో చూసింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరానికి నీళ్లిచ్చిన చెరువు. దాన్ని చంపింది అందులో నేరుగా వేసిన చెత్త కన్నా దానికి నీళ్లు తెచ్చే కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు. పరిశ్రమల వ్యర్థాలు, ఇళ్ల మురుగు ఆ దారినే వచ్చాయి. చెరువు చుట్టూ ఎన్ని తోటలు వేసినా, నడుమ ఎంత పెద్ద విగ్రహం నిలిపినా వాసన పోలేదు. జబ్బు నాలాలో ఉంటే మందు చెరువులో వేస్తే ఏం లాభం?

వరంగల్‌లో 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో కాలనీలు నీట మునిగాయి. ఆ తర్వాతే నయీంనగర్ నాలా వెడల్పు చేసే పని ఊపందుకుంది. విజయవాడలో 2024 సెప్టెంబరు మొదటి రోజున బుడమేరు సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లను ముంచెత్తింది. రోజుల తరబడి జనం మిద్దెల మీదే గడిపారు. కృష్ణానది ఒడ్డున బతికే ఊరిని ముంచింది కృష్ణ కాదు, అందరూ మర్చిపోయిన ఓ చిన్న ఏరు!

దిద్దుకున్న ఊళ్లూ ఉన్నాయి. దక్షిణ కొరియా రాజధాని సోల్ నడిబొడ్డున చంగ్యెచన్ అనే వాగు ఉండేది. మురికిగా ఉందని దాన్ని కప్పేసి రోడ్డు వేశారు. ఆ రోడ్డు మీద ఇంకో ఎత్తు రోడ్డు కట్టారు. 2003లో ఆ రోడ్లను పడగొట్టడం మొదలుపెట్టి 2005 నాటికి సుమారు 5.8 కిలోమీటర్ల వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారు. అయితే అందులో పారే నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి రోజూ మోటార్లతో తోడి పోస్తున్నవే. పోగొట్టుకున్న వాగును తిరిగి తెచ్చుకోవచ్చు గానీ దానికి ఎంత ఖర్చో, ఆ తర్వాత రోజూ ఎంత కరెంటో కూడా సోలే చెబుతోంది. సిద్దిపేటలాంటి పట్టణానికి ఉన్న అదృష్టం ఏమిటంటే, పోగొట్టుకోకముందే ఆగే అవకాశం ఇంకా ఉంది.

ప్లాటు కొనేముందు వాగును అడగాలి

ఇది పర్యావరణం మాట మాత్రమే కాదు. ఇంటి మాట, డబ్బు మాట కూడా. జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో రెండు వందల గజాలు కొన్న కుటుంబానికి అది శిఖం భూమి అని తర్వాత తెలిస్తే ఎట్లుంటుంది? వర్షాకాలం వచ్చినప్పుడల్లా మంచం కింద ఇటుకలు పెట్టుకోవాల్సి వస్తే ఎట్లుంటుంది? ‘రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి నంబరు వచ్చింది, కరెంటు మీటరు ఉంది’ అంటారు. నీళ్లకు ఈ మూడూ చదవడం రాదు.

2012 ఏప్రిల్‌లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ఈ దూరాలను చెప్పింది. పదెకరాలు కాదు, పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్ల కన్నా వెడల్పైన వాగుకో నాలాకో 9 మీటర్లు, పది మీటర్ల లోపు దానికి 2 మీటర్లు. చెరువు హద్దంటే ఎండాకాలంలో నీళ్లున్న చోటు కాదు. పూర్తిగా నిండినప్పుడు నీళ్లు తాకే చోటు. దాన్నే ఎఫ్‌టీఎల్ అంటారు. స్థలం కొనేవాళ్లు ఊరి నక్షా తెచ్చుకుని సర్వే నంబరు చూసుకోవాలి. పక్కన వాగు గీత ఉందేమో చూడాలి. సాగునీటి శాఖ, పురపాలక కార్యాలయాల్లో ఎఫ్‌టీఎల్ హద్దు, తాజా నిబంధనలు అడగాలి. అన్నిటికన్నా తేలిక పని ఇంకోటుంది. ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన ఓ పెద్దాయనను పట్టుకుని, ‘తాతా, పెద్ద వాన పడితే ఇక్కడ నీళ్లెంత దాకా వచ్చేవి?’ అని అడగాలి. ఏ దస్తావేజులోనూ లేని సంగతి ఆయన చెబుతాడు.

ఇంట్లో నుంచే మొదలు

వాగును బతికించడానికి పెద్ద పెద్ద మాటలక్కర్లేదు. వాడేసిన నూనె, మిగిలిన పిండి, కూరల తొక్కలు సింకులో పోయకపోతే చాలా మేలు. తువ్వాళ్లలాంటి గుడ్డలు, ప్యాడ్లు, ప్లాస్టిక్ సంచులు మోరీలో పడకపోతే సగం అడ్డంకులు తగ్గినట్టే. ఇంటి చుట్టూ అంతా సిమెంటు పోయకుండా నాలుగడుగుల మట్టి వదిలి ఇంకుడు గుంత తవ్వితే వాన నీళ్లలో కొంతైనా ఇంటి బోరుకే దక్కుతుంది. కాలనీ సంఘాలు మృగశిర కార్తెకు ముందే తమ వీధి నాలాను ఒకసారి నడిచి చూస్తే ఎక్కడ పూడిందో, ఎక్కడ కల్వర్టు ఇరుకైందో తెలుస్తుంది. వరద వచ్చాక పెట్టే అర్జీ కన్నా వానకు ముందు పెట్టే అర్జీకి బలమెక్కువ. పురపాలక సంఘం చేయాల్సింది కూడా ఉంది. వాగును కొలిచి హద్దు రాళ్లు పాతాలి. ఏ నాలా ఎక్కడ మొదలై ఏ చెరువులో కలుస్తుందో పటం గీసి వార్డు కార్యాలయంలో అందరికీ కనబడేట్టు పెట్టాలి. పేరున్న దాన్ని కబ్జా చేయడం కష్టం. అందుకే ప్రతి వాగుకూ పాత పేరు వెతికి బోర్డు రాయించినా మంచిదే.

ఏటా సద్దుల బతుకమ్మ నాడు సిద్దిపేట ఆడపడుచులు తంగేడు, గునుగు, బంతి పూల బతుకమ్మలను నెత్తిన పెట్టుకుని కోమటి చెరువుకు కదులుతారు. పాట అయ్యాక నీళ్లలోకి దిగి బతుకమ్మను సాగనంపుతారు. ఆ నీళ్లలో పాదం పెట్టడానికి ఎవరూ వెనకాడని రోజులు ఉండాలంటే కట్ట మీది దీపాలు సరిపోవు. పైనుంచి చెరువుకు వచ్చే ప్రతి ఒర్రే శుభ్రంగా రావాలి. కిందికి పోయే ప్రతి వాగూ అడ్డం లేకుండా పోవాలి. చెరువు ఒక్క ఊరిది కావచ్చు. మత్తడి దూకిన నీళ్లు మాత్రం కింది ఊరివి. వాళ్లకు ఎట్లాంటి నీళ్లు పంపుతుందన్నదే ఏ పట్టణం మర్యాదకైనా అసలు కొలత.